తిట్టు కనిపించదు, చనుబాలు కనిపిస్తాయి

మా పిన్ని కూతురికి పోయిన వర్షాకాలంలో బాబు పుట్టాడు. ఆపరేషన్. మూడో రోజుకి పాలు బాగానే పడ్డాయి, రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి, కానీ పిల్లాడు పట్టుకోవడం లేదు. పట్టుకున్నా రెండు గుక్కలకే వదిలేసి ఏడుపు. వార్డులో నర్సుకి తీరిక లేదు. పిన్ని ‘మా కాలంలో ఇవన్నీ ఎవరు నేర్పారే, వాటంతటవే వచ్చాయి’ అంటుంది. చెల్లి అత్తగారు డబ్బా పాలు తెప్పించేద్దామని అప్పటికే రెండుసార్లు అన్నారట.

చెల్లి కడుపుతో ఉన్నప్పుడే ఒక తెలుగు తల్లుల గ్రూపులో చేరింది. నేనూ అందులో ఉన్నాను, ఎక్కువగా చదవడానికే. అక్కడ రిటైరైన ఒక స్టాఫ్ నర్సు ఓపిగ్గా జవాబులిస్తుంటారు. చెల్లి గోడు విని ఆవిడ, ‘పట్టు ఎలా ఉందో ఫోటో తీసి పెట్టమ్మా, చూస్తేనే చెప్పగలను’ అన్నారు. ఈ మాట తల్లులకి కొత్తగా చెప్పక్కర్లేదు. బిడ్డ నోట్లో చనుమొన ఒక్కటే ఉంటే పాలు రావు, పైగా పుండు పడుతుంది. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి. కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. మాటల్లో రాస్తే ఇంతే, మూడు ముక్కలు. అది తన ఒంటి మీద ఎలా ఉందో మూడు రోజుల బాలింతకి తెలియాలంటే, తెలిసినవాళ్ళెవరైనా ఆమెనే చూడాలి.

ఫోటో పెట్టింది. ముఖం లేదు, పిల్లాడి ముఖం సగమే. నిమిషంలోపే పోయింది. నగ్నతకి సంబంధించిన ప్రమాణాలకు విరుద్ధమని నోటీసు, మూడు రోజులు ఆ గ్రూపులో మాట్లాడకూడదని శిక్ష. సరిగ్గా ఆ మూడు రోజులే ఆమెకి ఆ గ్రూపు కావాల్సింది.

ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. పోస్టు పోయిందని కాదు ఏడుపు. ‘అక్కా, ఎవరో కంప్లయింట్ ఇచ్చారు. నన్ను చూసి ఎవరికో అసహ్యం వేసింది’ అని. ఎవరై ఉంటారని వరసగా పేర్లు తీసింది. తోటికోడలు కూడా ఆ గ్రూపులో ఉంది మరి. నిమిషంలో ఎవరు చూస్తారే, చూసినా రిపోర్టు కొట్టి, దాన్ని ఇంకో మనిషి చదివి తీసేసేంత టైమెక్కడిది, ఇది యంత్రం చేసిన పని అని ఎంత చెప్పినా సగమే నమ్మింది. ఆ తోటికోడలితో ఇప్పటికీ మునుపటిలా మాట్లాడుతోందో లేదో నాకు అనుమానమే.

అదే వారం, ఆ గ్రూపు వాళ్ళే నడిపే బయటి పేజీలో ఇంకొకావిడ, ఆఫీసులో పాలు పిండుకోవడానికి చోటు లేదని రాసుకుంది. దాని కింద ఒక మగాడు వచ్చి, ఆ పాలు తనకిస్తే ఏం చేస్తాడో వర్ణించాడు. ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, మూడు వరసలు. మేం ఎనిమిది మందిమి రిపోర్టు చేశాం. రెండు రోజులకి ఎనిమిది మందికీ ఒకటే జవాబు: పరిశీలించాం, మా ప్రమాణాలకు విరుద్ధంగా ఏమీ కనపడలేదు.

ఆ కంపెనీ పేరు రాయడం లేదు. ఇది ఒక్కరి బుద్ధి అయితే పేరు రాసి తిట్టి ఊరుకునేదాన్ని. ఈ రెండు నోటీసుల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలా రోజులు ఆలోచించాను. మొదట నాకొచ్చిన కోపం ఒకటి, ఇప్పుడు మిగిలిన కోపం ఇంకొకటి. ఆ తేడా గురించే ఈ పోస్టు.

గెలిచిన పోట్లాట

మొదటి కోపం అందరికీ వచ్చేదే. ఆడదాని ఒళ్ళంటే కంపెనీలకి బూతు, పాలిచ్చినా బూతే, అదే ఒళ్ళు సినిమా పాటలో ఊగితే మాత్రం కోటి వ్యూస్ అని. ఇది అబద్ధం కాదు. ఈ పోట్లాటకి చరిత్ర కూడా ఉంది. 2008 డిసెంబరు 27న ఫేస్‌బుక్ ఆఫీసు ముందు, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, కొందరు తల్లులు పిల్లలకి పాలిస్తూ కూర్చుని నిరసన చెప్పారు. అదే రోజు ఆన్‌లైన్లో వేల మంది పాలిచ్చే ఫోటోల్ని ప్రొఫైల్ బొమ్మలుగా పెట్టుకున్నారు. పాలివ్వడానికి మేం వ్యతిరేకం కాదు, చనుమొన గానీ దాని చుట్టూ ఉన్న వలయం గానీ కనపడితేనే తీసేస్తాం అని కంపెనీ తరఫున సమాధానం వచ్చింది. పాలు పట్టించినవాళ్ళెవరైనా ఆ సమాధానానికి నవ్వుతారు. పిల్లాడు మధ్యలో తల తిప్పుకుని ఫ్యాను వైపు చూస్తే ఏం చేస్తారు?

2012లో ఇంకాస్త స్పష్టంగా తెలిసింది. గంటకి ఒక డాలరు జీతం మీద ఈ పోస్టులు వడపోసే మొరాకో యువకుడొకరు, తమకిచ్చిన రూల్స్ కాగితాన్ని గాకర్ అనే సైటుకి ఇచ్చేశాడు. ఆడవాళ్ళవైతే బట్టల్లోంచి చనుమొన ఉబ్బెత్తుగా తెలిసినా తీసేయాలి. మగవాళ్ళవి ఉంచొచ్చు. నలిగిపోయిన తలలూ కాళ్ళూ చేతులూ కూడా ఉంచొచ్చు, లోపలి భాగాలు బయటికి కనపడనంత వరకు. ఆ కాగితం గురించి మొదటిసారి చదివినప్పుడు ఎవరో వెటకారానికి రాశారనుకున్నాను.

కానీ ఆ పోట్లాటలో తల్లులు గెలిచారు. ఈ విషయం మనవాళ్ళలో చాలామందికి తెలియదు, మొన్నటిదాకా నాకూ తెలియదు. 2014లో ఫేస్‌బుక్ పెద్దగా చాటింపు వేయకుండానే రూలు సడలించింది. 2015 మార్చిలో తన ప్రమాణాలను తిరగరాసినప్పుడు, పాలిస్తున్న తల్లుల ఫోటోలనూ, క్యాన్సర్‌కి రొమ్ము తీసేశాక మిగిలిన మచ్చల ఫోటోలనూ ఎప్పుడూ అనుమతిస్తామని నేరుగా రాసుకుంది. ఇన్‌స్టాగ్రామ్‌దీ అదే మాట. మా చెల్లి ఫోటో తీసేసిన సైటు రూల్స్ కూడా తీసి చదివాను. పాలిచ్చే ఫోటోలకి మినహాయింపు అందులోనూ శుభ్రంగా రాసి ఉంది.

అక్కడ ఆగిపోయాను. రూలు ప్రకారం తప్పు కాని దాన్ని తీసేశారు. రూలు ప్రకారం ముమ్మాటికీ తప్పయిన దాన్ని వదిలేశారు. అలాంటప్పుడు రూలు రాసినవాడి సిగ్గునో కపటాన్నో తిట్టి ఏం లాభం?

యంత్రానికి ఏది సులువో అదే నేరం

ఎన్నెన్ని పోస్టులు తీసేస్తున్నారో ఫేస్‌బుక్ 2018లో మొదటిసారి లెక్కలు బయటపెట్టింది. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో నగ్నత, శృంగారం పేరుతో తీసేసినవి 2 కోట్ల 10 లక్షలు. వాటిలో 96 శాతం ఎవరూ ఫిర్యాదు చేయకముందే యంత్రం పట్టుకున్నవి. ద్వేషపు రాతల కింద తీసేసినవి 25 లక్షలు. అందులో యంత్రం ముందుగా పట్టుకున్నవి 38 శాతమే. ఆ సంవత్సరమే ఇన్వెస్టర్లతో మాట్లాడుతూ మార్క్ జుకర్‌బర్గ్ సంగతి దాచకుండా చెప్పేశాడు: ఏది ద్వేషపు మాటో తేల్చే ఏఐ కంటే చనుమొనని పట్టుకునే ఏఐని తయారు చేయడం చాలా తేలిక అని.

నా రెండు నోటీసుల అర్థం నాకు ఈ మాటలో దొరికింది. చనుమొనకి భాష లేదు. బ్రెజిల్లో ఎలా ఉంటుందో భీమవరంలోనూ అలాగే ఉంటుంది. ఒకసారి నేర్పిస్తే ప్రపంచమంతా పని చేస్తుంది. తిట్టు అలా కాదు. తెలుగు తిట్టుకి తెలుగు రావాలి. తెలుగు వస్తే చాలదు, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కడు ఒక్కో స్పెల్లింగుతో రాసే తెలుగు రావాలి. గుంటూరు జిల్లా వెటకారం, కరీంనగర్ యాస తెలియాలి. ‘పాలు’ అనే మాట ఏ వాక్యంలో ఆకలి, ఏ వాక్యంలో బూతు అన్నది తెలియాలి. అది ఖర్చు. పది కోట్లకు దగ్గర్లో ఉన్న తెలుగువాళ్ళ కోసం ఆ ఖర్చు ఎంత పెడుతున్నారో ఆ కామెంటుకి వచ్చిన జవాబే చెబుతోంది.

అంటే ఏది చెడ్డదో ముందు ఆలోచించుకుని, దాన్ని పట్టుకునే సాధనం తర్వాత తయారు చేయలేదు. చేతిలో ఉన్న సాధనానికి ఏది చిక్కుతుందో దాన్నే పట్టుకుంటున్నారు, ఆ పట్టుకున్న లెక్కని మూడు నెలలకోసారి శుభ్రతకి రుజువుగా చూపిస్తున్నారు. ఎక్కడో పారేసుకున్న ఉంగరాన్ని వీధిలైటు కింద వెలుతురుందని అక్కడే వెతికినట్టు. మా చెల్లిని ఎవరూ అసహ్యించుకోలేదు. అసలు ఎవరూ చూడనే లేదు. నాకిప్పుడు మిగిలిన కోపం అదే.

మరి మనుషులు లేరా అంటే ఉన్నారు, మన ఊళ్ళోనే ఉన్నారు. ఫేస్‌బుక్ కోసం పోస్టులు వడపోసే కాంట్రాక్టు ఉద్యోగుల గురించి 2019లో రాయిటర్స్ వార్తాసంస్థ హైదరాబాదు నుంచి ఒక కథనం ఇచ్చింది. ఎనిమిది గంటల షిఫ్టులో రెండు వేల పోస్టుల దాకా చూడాల్సి వస్తోందని వాళ్ళు చెప్పుకున్నారు. లెక్కేస్తే నిమిషానికి నాలుగు. ఆ వేగంలో ఎవరైనా ఏం చూడగలరు? కూరగాయల బండి దగ్గర బెండకాయ ముదిరిందో లేదో చివర విరిచి చూడటానికే నాకు అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఈ సంగతి ఫేస్‌బుక్ తన నిర్ణయాల్ని సమీక్షించడానికి పెట్టుకున్న పెద్దమనుషులకీ తెలుసు. 2020 అక్టోబరులో బ్రెజిల్‌లో ఒకావిడ రొమ్ము క్యాన్సర్ లక్షణాలు చూపించే ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే యంత్రం తీసేసింది. వ్యవహారం ఆ పెద్దమనుషుల సంఘమైన ఓవర్‌సైట్ బోర్డు దాకా వెళ్ళాకే తప్పయిందని పోస్టు వెనక్కి పెట్టారు. మనిషి పర్యవేక్షణ లేకుండా యంత్రాన్ని వదిలేస్తే జరిగేది ఇదేనని 2021 జనవరిలో బోర్డు తన తీర్పులో రాసింది. నేను బోర్డులూ తీర్పులూ పెద్దగా పట్టించుకునే మనిషిని కాదు గానీ, ఒక్కటి గమనించాను. తప్పు దిద్దాలంటే అందరి కళ్ళలో పడే పెద్ద కేసు కావాలి. ఎక్కడో వార్డులో మంచం మీద పడుకున్న బాలింత బోర్డు దాకా ఏం వెళ్తుంది?

దిష్టి

ఇక్కడిదాకా చదివిన మా అన్నయ్య (పోస్టు పెట్టే ముందు ఆయనకి చూపించడం నాకలవాటు) ఒక ప్రశ్న వేశాడు. ‘సరే, యంత్రం మూర్ఖురాలు. మరి నువ్వయితే పెడతావా అలాంటి ఫోటో?’

పెట్టను. నా ఇద్దరు పిల్లలకీ పాలిచ్చిన ఫోటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. అందుకే ఈ విషయం మీద రాయడానికి నాకు హక్కుందా అని చాలా రోజులు తటపటాయించాను.

మా అమ్మమ్మ పాలిచ్చేటప్పుడు కొంగు కప్పమనేది. ఎందుకే అంటే సిగ్గని ఎప్పుడూ అనలేదు. ‘పాలు తాగే పిల్లని చూడకూడదే, దిష్టి తగులుతుంది’ అనేది. నా ఒంటిని దాచమని కాదు, పిల్లాడి తిండిని దాచమని. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీట్లో, సంతలో బుట్టల వెనక, నాట్ల దగ్గర గట్టు మీద చెట్టు నీడన ఆడవాళ్ళు అలా కొంగు చాటునే పాలిచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు మాట్లాడుతూనే చూపు పక్కకి తిప్పుకునేవాళ్ళు. ఎవరూ లేచి వెళ్ళిపొమ్మని అనేవాళ్ళు కాదు. ఇప్పుడు బస్టాండుల్లో పాలిచ్చే తల్లులకి ప్రత్యేకంగా గదులు పెట్టారు, మంచిదే. అయితే ఆ గదులు వచ్చాక ప్లాట్‌ఫారం బెంచీ మీద పాలిచ్చే మనిషిని ‘గది ఉందిగా అమ్మా’ అనడం కూడా మొదలైంది. నా ముందే ఒకసారి అన్నారు. అన్నది ఇంకో ఆడమనిషే. గదికి తాళం ఉందని ఆ తల్లి చెప్పింది.

కాబట్టి దాచుకోవడం మనకి ఎవరో బయటినుంచి నేర్పింది కాదు. ఫోటో బస్సు లాంటిది కూడా కాదు. బస్సులో చూసినవాళ్ళు దిగిపోతారు. ఫోటోని దాచుకుంటారు, ఇంకొకళ్ళకి పంపుతారు, ఎక్కడెక్కడో పెడతారు. తల్లిపాల పాఠం అని పేరు పెట్టి, లోపల ఇంకేదో చూపించి డబ్బు చేసుకునే వీడియోలు నేనూ చూశాను. వాటి కింద కామెంట్లు చదివితే కడుపులో తిప్పుతుంది. నగ్నంగా ఉన్న తన బొమ్మ పెట్టారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే తీసేయడానికి మన ఐటీ నిబంధనలు 2021లో వచ్చినప్పుడు 24 గంటల గడువు పెట్టాయి. ఆ రూలు లేకపోతే వదిలేసిన ప్రియుడి చేతిలో నాశనమయ్యే అమ్మాయిలు ఎందరో. యంత్రాన్ని పూర్తిగా ఆపేయమని నేను అడగలేను. అడిగితే ముందు నష్టపోయేది ఆడపిల్లలే.

పిల్లాడి సంగతి కూడా ఉంది. వాడినెవరడిగారు? ఇరవై ఏళ్ళొచ్చాక ఆ ఫోటో చూసి వాడేమంటాడో. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు.

2018లో కేరళలో జరిగిన గొడవ గుర్తుండే ఉంటుంది. గృహలక్ష్మి అనే మలయాళ పత్రిక, బిడ్డకి పాలిస్తున్న మోడల్ బొమ్మని అట్ట మీద వేసి, మాకు పాలివ్వాలి, గుచ్చి గుచ్చి చూడకండి అని రాసింది. అశ్లీలమంటూ హైకోర్టుకి వెళ్ళారు. రవివర్మ లాంటివాళ్ళ బొమ్మల్ని ఏ కళ్ళతో చూస్తామో ఆ కళ్ళతోనే చూశాం, ఎంత ప్రయత్నించినా మాకు అశ్లీలం కనపడలేదు అని కోర్టు పిటిషన్ కొట్టేసింది. ఆ ధర్మాసనంలో చీఫ్ జస్టిస్ ఆంటొనీ డొమినిక్‌తో పాటు కూర్చున్న జస్టిస్ దామా శేషాద్రి నాయుడు మన తెలుగాయనే. తీర్పు నాకు నచ్చింది. అట్ట బొమ్మ మాత్రం అంతగా నచ్చలేదు, తల్లి కాని మోడల్‌ని అలంకరించి కూర్చోబెట్టి చూడొద్దనడంలో కొంచెం వ్యాపారం ఉంది. కానీ నాకు నచ్చకపోవడం వేరు, దాన్ని ఆపేయడం వేరు. కోర్టు కనీసం చూసింది. ఇద్దరు మనుషులు ఆ బొమ్మని ముందు పెట్టుకుని, ఏముంది ఇందులో అని చూశారు.

అన్నయ్యకి చెప్పిన జవాబు కూడా ఇదే. నేను పెట్టను, అది నా ఇష్టం. కొంగు ఎంత కప్పాలో, ఎవరి ముందు తీయాలో తేల్చుకునే తెలివి అమ్మమ్మల కాలం నుంచి ఉంది. ఆ నర్సు ముందు తీయొచ్చని చెల్లి అనుకుంది. ఆ లెక్కలోకి ఎవరో కంపెనీ ఏర్పాటు చేసిన గుడ్డి కన్ను ఎందుకు దూరాలి?

బొమ్మ లేకపోతే ఏం పోయింది అంటే

డ్రాయింగులు ఉన్నాయిగా, అంగన్‌వాడీలో పోస్టర్లు ఉన్నాయిగా అని ఒక వాదన. ఉన్నాయి. ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలకి ఊరంతా బ్యానర్లు కూడా కడతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం మన దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్న పిల్లలు మాత్రం 41.8 శాతమే. అంటే డాక్టరూ ఉన్నాడు, మంచమూ ఉంది, పోస్టరూ గోడ మీదే ఉంది, ముర్రుపాలు మాత్రం బిడ్డ నోట్లోకి పోవడం లేదు. పక్కన కూర్చుని, పిల్లాడి తల ఇలా తిప్పమ్మా అని చెప్పే మనిషి లేకపోవడం అందులో ఒక కారణం. ఒకప్పుడు మంత్రసానో, పక్కింటి ముసలామో చేసిన పని అది. ఆ ఖాళీలోకే ఈ గ్రూపులు వచ్చాయి. ఫోటో తీసేసినప్పుడు పోయింది ఆ మనిషే.

(పాలు పడని తల్లులకి ఈ ఫోటోలన్నీ దెప్పుతున్నట్టు ఉంటాయన్నది నిజం. మా ఆడపడుచు ఆ బాధ పడింది. ఆమె ముందు నేను ఈ కబుర్లు ఎత్తను.)

నేను కోరేది చిన్నదే. తీసేసినప్పుడు, ఇది యంత్రం చేసింది, ఏ మనిషీ ఫిర్యాదు చేయలేదు అని ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం ఉంటే ఒక ఇంట్లో తోటికోడళ్ళ మధ్య మాటలు తగ్గేవి కావు. మూసి ఉన్న గ్రూపుల్లో శిక్ష వేసే ముందు ఒకసారి అడగండి. తెలుగులో మీకు ఎంత మంది పాఠకులున్నారో తెలుసు కదా, తెలుగు చదివే ఉద్యోగులు ఎంత మంది ఉన్నారో కూడా ఆ మూడు నెలల లెక్కల్లో వేయండి. ఇవేవీ సైన్సుకి అందని పనులు కావు.

చెల్లి అప్పీలు చేసింది. నేనే చేయించాను, తనకి ఓపిక లేదు. ఈలోగా ఆ నర్సుగారు నంబరు ఇచ్చి వాట్సాప్ వీడియో కాల్‌లో పావుగంట కూర్చుని, పిల్లాణ్ణి చంక కింద నుంచి ఎలా పట్టుకోవాలో చూపించారు. ఆపరేషన్ కుట్ల మీద బరువు పడకుండా అలా పట్టుకుంటారట. ఆ సాయంత్రమే వాడు పట్టుకున్నాడు. డబ్బా పాలు రెండు రోజులు మాత్రం పట్టారు.

పదకొండో రోజున నోటీసు వచ్చింది. పొరపాటు జరిగింది, మీ పోస్టు తిరిగి పెట్టాం అని. నేను ఎగిరి గంతేసి ఫోన్ చేశాను.

‘చూశానక్కా. తీసేశాను’ అంది.

‘అదేంటే, ఇంత పోట్లాడి?’

‘పని అయిపోయిందిగా. అయినా వాడు ఇప్పుడు బాగా తాగుతున్నాడు. దిష్టి ఎందుకు?’

ఆ మగాడి కామెంటు ఇవాళ పొద్దున కూడా చూశాను. అక్కడే ఉంది.